కాయకమునకు హద్దు – అధిక పనివేళలు, నిద్ర, ఆరోగ్యము

దినమునకు 24 గంటలు. ధనికునకు ఒక నిమిషమైనను ఎక్కువ లేదు. పేదవానికి తక్కువ లేదు. ఈ 24 గంటలలో పనికెన్ని, ఇంటికెన్ని, నిద్రకెన్ని అను లెక్క తప్పినపుడు అన్నిటికంటె ముందుగా కోతపడునది నిద్రయే. దీనికి కారణము లేకపోలేదు. తిండి తగ్గించినచో ఆకలి ఆ పూటనే అడుగును. పని తగ్గించినచో యజమాని మరునాడే అడుగును. నిద్ర తగ్గించినచో వెంటనే అడుగువారు ఎవ్వరును లేరు. రక్తపోటు రూపమునను, మధుమేహ రూపమునను, గుండెనొప్పి రూపమునను దేహము ఆ బాకీని వసూలు చేయుటకు పది, ఇరువది సంవత్సరములు పట్టవచ్చును. అప్పటికి అప్పు చేసిన సంగతియే మనుష్యుడు మరచియుండును.

వీరశైవ కుటుంబములలో పని యన్న గౌరవము తరతరములుగా వచ్చుచున్నది. 12వ శతాబ్దమున కళ్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో త్రాళ్లు పేనినవాడు కలడు, పడవ నడిపినవాడు కలడు, బట్టలు ఉతికినవాడు కలడు, చెప్పులు కుట్టినవాడు కలడు. చేతిపని వలన ఎవ్వరును తక్కువవారు కాలేదు. ఆ గౌరవము నేటికిని నిలిచియుండుట సంతోషింపదగిన విషయమే. అయితే ఆ గౌరవమే ఒక్కొక్కప్పుడు అపార్థమునకు దారితీయుచున్నది. ఉదయము ఎనిమిదింటికి ఇల్లు విడిచి రాత్రి పదకొండు గంటలకు చేరు కుమారుని చూచి, “కష్టపడుచున్నాడు, కాయకమే గదా” అని తండ్రి తృప్తిపడును. ఆ కుమారుని కన్నుల క్రింద నల్లని చారలు తల్లికి మాత్రము కనబడును. ఎంత ఎక్కువ పని చేసిన అంత గొప్ప కాయకమను భావము శరణులకు ఉండినదా యని విచారింపవలసియున్నది.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇచట జ్ఞప్తికి రావలెను. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారి జంగమార్చనయు, జీవనమును జరుగుచుండెను. ఒకనాడు అతడు నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అంత ఏల తెచ్చితివని అడిగి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఈ కథను సాధారణముగా ఆశను జయించుటకు ఉదాహరణముగా చెప్పుదురు. అది సరియే. కాని అందు మరియొక సంగతి దాగియున్నది. కాయకమునకు కొలత కలదు. అవసరమునకు మించిన రాబడి తప్పయినపుడు, ఆ రాబడి కొరకు అవసరమునకు మించి దేహమును అరగదీయుట ఒప్పు ఎట్లగును? అదియునుగాక, పగటి పని ముగించిన శరణులు అనుభవ మంటపమున కూడి చర్చించిరని సంప్రదాయము చెప్పుచున్నది. దినమునకు పదునాలుగు గంటలు పనిలో మునిగియుండినచో ఆ చర్చలకు తీరిక ఎక్కడిది? కాయకమను మాటలోనే కాయము కలదు. దానిని కాపాడని పనికి ఆ పేరు తగదు.

ఇక నిద్ర యనగా ఏమియో చూడవలెను. నిద్రలో దేహము ఊరక పడియుండునని పూర్వము పలువురు తలంచిరి. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను పరిశోధకులు నిద్రించువారి కనుగ్రుడ్లు కొంతసేపు మూతపడిన రెప్పల క్రింద వేగముగా కదలుటను గుర్తించి ప్రకటించిరి. ఆ సమయమున మెదడు మెలకువలో వలెనే చురుకుగా నుండును. కలలు ఎక్కువగా వచ్చునదియు అప్పుడే. తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర – ఇవి సుమారు 90 నిమిషముల కొకసారి చక్రము వలె తిరుగుచుండును. రాత్రి మొదటి భాగమున గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారుజామున కలల నిద్ర ఎక్కువ. గాఢనిద్రలో దేహమును మరమ్మతు చేయు పెరుగుదల హార్మోను విడుదలయగును. పగటి రక్తపోటుకంటె నిద్రలోని రక్తపోటు 10 నుండి 20 శాతము వరకు తగ్గును. గుండెకు, రక్తనాళములకు అదియే విశ్రాంతి. రాత్రి ఒంటిగంటకు పండుకొని, అయిదింటికి గడియారపు మ్రోతతో లేచువాడు తెల్లవారుజామున రావలసిన భాగమును దాదాపు పూర్తిగా పోగొట్టుకొనుచున్నాడు. ఎనిమిది గంటల నిద్రలో సగము తగ్గించినచో అన్నియు సమానముగా సగము తగ్గునని తలంచుట పొరపాటు.

మెలకువగా నున్నంతసేపు మెదడులో అడెనోసిన్ అను పదార్థము పేరుకొనుచుండును. అది పేరుకొనిన కొలది నిద్రమత్తు పెరుగును, నిద్రించినపుడు తగ్గును. కాఫీ, టీలలోని కెఫీన్ ఈ అడెనోసిన్ పనిని అడ్డగించునే గాని దానిని తొలగింపదు. సాయంత్రము ఆరు గంటలకు త్రాగిన కాఫీలోని కెఫీన్‌లో సుమారు సగము రాత్రి పదకొండు గంటలకును దేహములో నిలిచియుండవచ్చును. కార్యాలయమున మూడవ కప్పు కాఫీ పనికి సాయపడినట్లు తోచును. ఆ సాయము రాత్రి నిద్ర నుండి తీసినదే.

ఆయుర్వేదమును ఇచట తలంపవలెను. చరకసంహిత ఆహారమును, నిద్రను, బ్రహ్మచర్యమును దేహమను ఇంటిని నిలుపు మూడు ఉపస్తంభములుగా పేర్కొన్నది. ఆహారము సరసన నిద్రకు స్థానమిచ్చుటను గమనింపవలెను. నేటి ఇండ్లలో భోజనము మానినవానిని బలవంతముగా పీటపై కూర్చుండబెట్టుదురు. నిద్ర మానినవానిని మెచ్చుకొందురు.

నిద్ర తగ్గిన దేహములో జరుగు మార్పులను శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. 1999లో ప్రకటితమైన ఒక ప్రయోగములో ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రింపనిచ్చిరి. ఆ కొద్ది దినములలోనే వారి దేహము రక్తములోని చక్కెరను సర్దుకొను శక్తి మందగించెను. యువకులకు ఆరు రాత్రులలో అట్లయినపుడు, నలుబదియేండ్ల గృహస్థునకు ఆరు సంవత్సరములలో ఏమగునో ఊహింపవచ్చును. నిద్రలేమి వలన ఆకలిని పెంచు హార్మోను హెచ్చి, తృప్తినిచ్చు హార్మోను తగ్గుననియు తరువాతి పరిశీలనలు తెలిపినవి. రాత్రి పని చేయువారు మిక్చరు పొట్లము వెదకుటకు మనసు బలహీనత ఒక్కటే కారణము కాదు.

ఇంతకంటె భయము గొలుపునది 2003 నాటి మరియొక ప్రయోగము. రెండు వారములు రాత్రికి ఆరు గంటలు చొప్పున నిద్రించినవారి ఏకాగ్రత క్రమక్రమముగా క్షీణించి, తుదకు బొత్తిగా నిద్రలేకుండ గడిపినవారి స్థితిని సమీపించెను. ఆరు గంటలనగా పలు కుటుంబములలో చాలినంత నిద్రగానే లెక్క! విశేషమేమనగా, ఆ మనుష్యులకు తాము అంతగా క్షీణించితిమను సంగతి తెలియలేదు. మొదటి కొన్ని దినముల తరువాత మత్తు పెరుగుటలేదనియే వారు చెప్పిరి. పరీక్షలలో మాత్రము తప్పులు పెరుగుచునే యుండెను. “నాకు అలవాటైనది, అయిదు గంటలు చాలును” అని చెప్పువాని మాటను ఇంటివారు నమ్మకూడదనుటకు ఇదియే ఆధారము. తూగువాడు తన తూగును తాను కొలువలేడు.

వాహనము నడుపువారి విషయమున ఇది ప్రాణాంతకము. వరుసగా 17 గంటలు మేల్కొనియున్నవాని చేతి నేర్పు, రక్తములో 0.05 శాతము మద్యమున్నవాని నేర్పునకు దిగజారుననియు, 24 గంటలు మేల్కొనియున్నచో 0.10 శాతమునకు సమానమగుననియు 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపిరి. మన దేశపు మోటారు వాహనముల చట్టము సాధారణముగా సహించు హద్దు 0.03 శాతము. అనగా ఉదయము అయిదింటికి లేచి, పగలంతయు పనిచేసి, రాత్రి పదింటికి పెండ్లివారి కారు నడుపుచు హైదరాబాదు నుండి కర్నూలునకు బయలుదేరువాడు చుక్క త్రాగకున్నను, చట్టము శిక్షించు త్రాగుబోతుకంటె తక్కువ ప్రమాదకారి కాడు. త్రాగినవానిని పోలీసులు ఊదించి పట్టుకొందురు. నిద్రలేనివానిని పట్టు యంత్రము దారిలో ఎచ్చటను లేదు. తెల్లవారుజామున రెండు గంటల నుండి అయిదు గంటల వరకు మత్తు మిక్కిలి హెచ్చు. రవాణా వాహనముల కార్మికులకు 1961లో చేసిన చట్టము దినమునకు 8 గంటల పనిని, అయిదు గంటలకు మించకుండ పని చేయగనే అరగంట విశ్రాంతిని విధించినది. యాత్రలకు బస్సు మాట్లాడుకొను కుటుంబములు బేరమాడునపుడు రెండవ డ్రైవరును గూర్చి అడుగుట బహు అరుదు.

ఇవి నిద్రను గూర్చిన మాటలు. పనిగంటలను గూర్చి నేరుగా జరిగిన పెద్ద లెక్క ఒకటి కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021లో దానిని ప్రకటించినవి. వారమునకు 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారిని, 35 నుండి 40 గంటలు పనిచేయువారితో పోల్చి చూచిరి. మొదటివారికి పక్షవాతము వచ్చు అపాయము 35 శాతమును, గుండెకు రక్తము అందని జబ్బుతో మరణించు అపాయము 17 శాతమును ఎక్కువ. 2016వ సంవత్సరమున ఈ కారణముచే ప్రపంచమున సుమారు 7,45,000 మంది మరణించిరని వారి అంచనా. అందు 3,98,000 పక్షవాతము వలన, 3,47,000 గుండెజబ్బు వలన. ఈ మరణములలో అధికభాగము 60 – 79 సంవత్సరముల వయస్సువారివి. వారు 45 ఏండ్లు దాటిన పిదప వారమునకు 55 గంటలు, అంతకు మించి శ్రమించినవారు. పదవీ విరమణ చేసి తీర్థయాత్రలకు పోవలెనని తలంచిన వయస్సున మంచము పట్టుచున్నారన్నమాట. ఇవి కోట్లాది జనుల లెక్కలు. ఫలానివానికి ఇట్లే జరుగునని ఇవి చెప్పవు. అపాయము ఏ దిక్కున నున్నదో మాత్రము చెప్పును.

దీనికి మార్గములు రెండు. అధికశ్రమ వలన ఒత్తిడి హార్మోనులు దేహములో ఎడతెగక ప్రసరించి రక్తనాళములను గాయపరచును. ఇది నేరు మార్గము. కాలము చాలక నడక మానుట, వేళకు తినకుండుట, పొగాకును, గుట్కాను ఆశ్రయించుట, నిద్రను కోయుట; ఇది చుట్టుదారి. రెండును ఒకేచోట కలియును.

జపాను దేశమున అధికశ్రమ వలని మరణమునకు ప్రత్యేకమైన పదమే పుట్టినది. దానిని ‘కరోషి’ యందురు. 1969లో ఒక వార్తాపత్రికా సంస్థలో పనిచేయుచుండిన 29 సంవత్సరముల యువకుడు పక్షవాతముతో మరణింపగా, అట్టివానిలో మొదటిదిగా దీనిని చెప్పుదురు. కాలక్రమమున ఆ ప్రభుత్వము, జబ్బుపడుటకు ముందు నెలలో 100 గంటలు గాని, రెండు మొదలు ఆరు నెలల సగటున నెలకు 80 గంటలు గాని అదనపు పని జరిగియున్నచో, ఆ మరణమునకు పనితో గట్టి సంబంధము కలదని గుర్తించు పద్ధతిని ఏర్పరచెను. 2014లో ఇట్టి మరణముల నివారణకే ఒక చట్టము చేసిరి. శ్రమకు పేరుపొందిన ఆ జాతికి ఇట్టి చట్టము అవసరమగుట ఆలోచింపవలసిన విషయము. మన దేశమున 2023లో ఒక వ్యాపార ప్రముఖుడు యువకులు వారమునకు 70 గంటలు పని చేయవలెనని చెప్పగా, 2025లో మరియొకరి నోట 90 గంటల మాట వెలువడినది. 90 గంటలనగా ఆదివారము కూడ లేకుండ దినమునకు దాదాపు 13 గంటలు. రాకపోకలకు రెండు గంటలు, స్నానపానాదులకు రెండు గంటలు తీసివేసిన మిగులునవి ఏడు. అందులోనే పూజ, అందులోనే పిల్లలు, అందులోనే నిద్ర!

గంటల సంఖ్యయే గాక అవి దినములో ఎచ్చట పడుచున్నవను సంగతియు ముఖ్యము. మెదడు అడుగు భాగమున గల ఒక చిన్న కేంద్రము వెలుగును బట్టి దేహపు గడియారమును నడుపుచుండును. చీకటి పడినపుడు మెలటోనిన్ అను నిద్ర హార్మోను స్రవించును. ఈ గడియారము జీవకణములలో ఎట్లు పనిచేయునో కనుగొనిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురికి 2017లో నోబెల్ బహుమతి లభించెను. హైదరాబాదులో అమెరికా సంస్థల పని చేయు ఉద్యోగులు ఈ గడియారమునకు ఎదురీదుచున్నారు. న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలైనపుడు ఇచట చలికాలమున రాత్రి ఏడున్నర, వేసవిలో ఆరున్నర. అచటి ఉదయపు సమావేశము ఇచటి భోజనవేళకు, అచటి సాయంత్రము ఇచటి తెల్లవారుజామునకు సరిపోవును. దేహపు గడియారమును చెదరగొట్టు రాత్రి పనిని, క్యాన్సరు కలుగజేయు అవకాశము గలవాని జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో చేర్చెను. 2019లో మరల పరిశీలించి ఆ నిర్ణయమునే నిలిపెను.

రాత్రి పని మానుడని చెప్పుట సులభము. ఆ ఉద్యోగముపై ఇంటి అప్పు, చెల్లెలి చదువు ఆధారపడియున్నపుడు ఆ మాట వలన ప్రయోజనము లేదు. ఆసుపత్రిలో నర్సులు, రైల్వేవారు, విద్యుత్తు శాఖవారు రాత్రి మేల్కొననిచో ఊరు నడువదు. కనుక ఇంటివారు చేయదగినదేమియో చూడవలెను. ఉదయము ఆరు గంటలకు ఇల్లు చేరిన కుమారుడు గాని కోడలు గాని పండుకొనినచో, ఎనిమిదింటికి టీ అనియు, పదింటికి చుట్టములు వచ్చిరనియు, పన్నెండింటికి అన్నము చల్లారుచున్నదనియు లేపుదురు. అన్నిటికిని ప్రేమయే కారణము. ఫలితము మాత్రము మూడు ముక్కలైన నిద్ర. పగటినిద్ర దరిద్రమని ఎత్తిపొడుచు పెద్దలును కలరు. రాత్రంతయు ఊరు నిద్రించుచుండగా మేల్కొనినవాని పగటినిద్ర పగటినిద్ర కాదు. రాత్రి జాగరణము చేసినవాడు, మేల్కొనిన కాలములో సగము కాలము ఉదయము భుజింపక మునుపు నిద్రింపవచ్చునని అష్టాంగహృదయమున వాగ్భటుడు ఏనాడో వెసులుబాటు కల్పించెను. దట్టమైన తెర, చప్పుడు లేని గది, తలుపు తట్టని నియమము – ఈ మూడింటికి ఖర్చు స్వల్పము.

స్త్రీల మాట వేరుగా చెప్పవలెను, ఏలయన వారి పనిగంటలు ఏ రిజిస్టరులోను ఎక్కవు. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని ఇంటిపని చేసిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానిపై వెచ్చించినట్లు తేలినది. కార్యాలయమున తొమ్మిది గంటలు గడిపిన కోడలు ఇంట మరల అయిదు గంటలు నిలువుకాళ్లపై నుండినచో, ఆమె వారము 55 గంటలను ఏనాడో దాటినది. లక్కమ్మ మారయ్యతో కాయకమున సమానురాలు. ఆ సమానత్వమును కొనియాడు ఇంట రాత్రి అంట్లు ఎవరు తోముచున్నారని అడుగుట తప్పు కాదు.

చట్టము సంగతి కొంచెము. 1911 నాటి చట్టము బట్టల మిల్లులలో పురుషులకు దినమునకు 12 గంటల హద్దు పెట్టినది. 1922లో అది 11 గంటలు, వారమునకు 60. 1934లో 10 గంటలు, వారమునకు 54. 1946లో 9 గంటలు, వారమునకు 48. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దానినే నిలిపి, అదనపు పనికి రెట్టింపు వేతనము విధించినది. ఒక్కొక్క గంట తగ్గుటకు పదేసి సంవత్సరములు పట్టినవి. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు దినపు హద్దును 10 గంటలకు పెంచుటకు పూనుకొన్నవి. వాణిజ్య సంస్థలకు తెలంగాణలో ఆ జూలైలో వెలువడిన ఉత్తరువు వారమునకు 48 గంటల హద్దును మాత్రము విడువలేదు. వారపు లెక్క నిలిచినంతవరకు నాలుగు దినములు ఎక్కువ పనిచేసి అయిదవనాడు తగ్గించుకొనవచ్చునని వాదింపవచ్చును. కాగితముపై అది నిజము. ఇంటికి తెచ్చుకొను పనిని, సెలవునాటి ఫోనును లెక్కించువారెవరో ఆ వాదములో కనబడదు.

ఎక్కువ గంటలు పని చేసినచో ఎక్కువ పని జరుగునను నమ్మికయు సంపూర్ణ సత్యము కాదు. 2004లో అమెరికాలో ప్రకటితమైన ఒక పరిశీలన ప్రకారము, 24 గంటలకు మించిన పాత పద్ధతిలో పనిచేసిన కొత్త వైద్యులు, 16 గంటలకు తగ్గించిన పద్ధతిలో వారికంటె సుమారు 36 శాతము ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేసిరి. వైద్యుడు నిద్రమానుట త్యాగమనిపించును. ఆ త్యాగపు ఖర్చు రోగి మంచముపై పడినది.

వయోజనునకు రాత్రికి ఏడు గంటలకు తగ్గని నిద్ర అవసరమని వైద్యులు చెప్పుదురు. ఆదివారము మధ్యాహ్నము వరకు పండుకొని వారపు బాకీ తీర్చుట సగము మందే. లేచు వేళ ప్రతిదినము ఒకటిగా నుండుట, పండుకొనుటకు గంట ముందే ఫోను వేరొక గదిలో నుంచుట, మధ్యాహ్నము రెండు దాటిన తరువాత కాఫీ మానుట మేలు. గట్టిగా గురకపెట్టుచు, మధ్య మధ్య ఊపిరి ఆగినట్లయి ఉలికిపడువారు, ఎనిమిది గంటలు నిద్రించియు పగలు తూగువారు వైద్యునికి చూపించుకొనవలెను. అది గంటల లోపము గాక శ్వాస సంబంధమైన వ్యాధి కావచ్చును. అకస్మాత్తుగా మూతి వంకర పోవుట, ఒక ప్రక్క చేయి పడిపోవుట, మాట తడబడుట కనబడినచో పండుకొని లేచిన తగ్గునని ఎదురుచూడరాదు. పక్షవాతపు చికిత్సకు మొదటి నాలుగున్నర గంటలు అమూల్యమైనవి.

మఠములకు వచ్చు కుటుంబములలో రాత్రి ఉద్యోగముల వారు నానాటికి పెరుగుచున్నారు. ఉదయము ఇల్లు చేరినవాడు స్నానముచేసి, ఇష్టలింగ పూజ ముగించి వెంటనే పండుకొనవలెనా, లేక నిద్రించి లేచిన పిదప పూజ చేసికొనవలెనా అను సందేహము ఆ యిండ్లలో తరచుగా కలుగుచున్నది. తల్లిదండ్రులు ఒకటి చెప్పుదురు, అత్తవారు మరియొకటి చెప్పుదురు, నడుమ ఆ యువకుని నిద్ర పోవుచున్నది. గురువులు ఆ కుటుంబములను పిలిచి, వారి వారి పనివేళలను విచారించి, ఒక్కొక్క యింటికి ఒక వేళను నిర్ణయించి చెప్పినచో ఈ తగవు ఒక్క మాటతో తీరును.